కామ లేని చరిత్ర
ఎం.ఏ. (చరిత్ర), మన హాస్టల్ పూర్వ విద్యార్థి



ఆదివారం మన హాస్టల్ టీవీ గదిలో డబ్బింగ్ చైనా సినిమా వస్తే కూర్చోవడానికి జాగా దొరకదు. ఏడేళ్ళు ఆ గుమ్మంలో నిలబడి చూసినవాణ్ణి నేను. హీరో చేతిలో ఎప్పుడూ కత్తే. అతని ముందు వరసగా పడిపోయే సైనికుల చేతుల్లో పొడుగు కర్రలకు బిగించిన ఈటెలు. ఎం.ఏ.లో చేరి పాత చైనా గురించి చదివాక ఇది తలకిందుల కథ అని తెలిసింది. యుద్ధాల భారం మోసినవాళ్ళు ఆ పడిపోయేవాళ్ళే. ఆయుధాల చరిత్రలో కత్తి కంటే ముందు వాళ్ళ కర్రకు పీట వేయాలన్నది నా అభిప్రాయం.

షాంగ్ రాజుల కాలంలో, అంటే మూడు వేల ఏళ్ళకు ముందే, చైనాలో ‘గె’ అనే ఆయుధం ఉంది. చూడ్డానికి మనం చింతకాయలు కోసే దోటిలా ఉంటుంది. కర్ర చివర కంచు అలుగు అడ్డంగా కట్టి ఉంటుంది. తగిలించి లాగడమే దాని పని. రథం మీదివాడు పక్క రథం మీదివాణ్ణి అందుకోవాలంటే చేతికత్తి చాలదు కదా! తర్వాత దానికే పైన ఈటె మొన చేర్చి ‘జి’ అన్నారు. చైనా లిపిలో యుద్ధం అనే అక్షరంలో గె బొమ్మ ఇప్పటికీ ఉంది. ‘నేను’ అనే అక్షరం కూడా మొదట ఇలాంటి కర్ర ఆయుధం బొమ్మే. ఉచ్చారణ కలిసిందని ఆ అర్థానికి అరువు తెచ్చుకున్నారు.

మరి ఇంతటిది ఎందుకు వెనకబడింది? కామ వల్ల. 1974లో షియాన్ దగ్గర బావి తవ్వుతున్న రైతులకు చిన్ చక్రవర్తి మట్టి సైన్యం బయటపడింది. ఫొటోలు చూడండి. చాలామంది సైనికుల వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడిచి ఉంటాయి, పిడికిట్లో ఏమీ ఉండదు. కర్ర చీకిపోయింది. కంచు మొనలు మాత్రం మిగిలాయి. మొన ఒక్కటే అద్దాల పెట్టెలో పెడితే కత్తి ముక్కలాగే కనిపిస్తుంది.

కామ అంటే కొమ్మ నరికి చెక్కేయడం అనుకోకండి. మా నాన్న పార కామ చెక్కుతుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. ఏ కర్ర చీలుతుందో, ఏది వంగి నిలబడుతుందో ఆయన చేతికి తెలుసు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, కానీ ఆ చదువు నాకు రాలేదు. 1978లో హుబెయ్‌లో జెంగ్ ప్రభువు యి సమాధి తవ్వితే, లోపల నీళ్ళు నిండి ఉండడం వల్ల కర్రలు కూడా దక్కాయి. మూడు మీటర్లు దాటిన కామలు, ఒక్కోదానికి రెండు మూడు అలుగులు. ఆ కాలపు మేలురకం కామకు మధ్యలో కర్ర, చుట్టూ వెదురు బద్దలు, పైన పట్టుదారం చుట్టు, దానిమీద చెట్టు పాలతో చేసిన పూత. వంగుతుంది గాని విరగదు.

చిన్ రాజ్యపు గెల మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఏ ఏడు చేశారో, ఆపైన మంత్రి లూ బువెయ్ పేరు, అధికారుల పేర్లు, చిట్టచివర పనివాడి పేరు. గౌరవం కోసం కాదు. లోపం వస్తే ఎవణ్ణి పట్టుకోవాలో తెలియడానికి! సెమినార్లో ఈ మాట చెబితే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

క్రీ.పూ. 221లో దేశమంతా గెలిచాక ఆ చక్రవర్తి ఆయుధాలన్నీ రాజధానికి తెప్పించి, కరిగించి, పన్నెండు విగ్రహాలు పోయించాడు. పన్నెండేళ్ళకు, క్రీ.పూ. 209లో, ఒకప్పుడు పొలం కూలీ అయిన చెన్ షెంగ్ తిరగబడ్డాడు. వానలకు దారి తెగి గడువులోగా చేరలేకపోయిన తొమ్మిది వందల మందికి శిక్ష చావే. చెట్లు నరికి కర్రలే ఆయుధాలుగా పట్టారని పాత చరిత్రకారులు రాశారు. చెన్ షెంగ్ నెలల్లోనే చనిపోయాడు. చిన్ రాజ్యం మూడేళ్ళలో కూలింది.

విల్లు, క్రాస్‌బో సంగతేమిటని అడగొచ్చు. నిజమే, మట్టి సైన్యం దగ్గర ఎక్కువగా దొరికినవి బాణపు మొనలే. నా తగాదా వాటితో కాదు, కత్తికి కట్టిన గుడితో. గుడి అంటే గుర్తొచ్చింది. చైనాలో దేవుడిగా కొలిచే సేనాని గువాన్ యు చేతిలో నెలవంక అలుగున్న పొడుగు కామ ఆయుధం ఉంటుంది. ఆయన 220లోనే చనిపోయాడు. అలాంటి ఆయుధం కనిపించేది 1044 నాటి యుద్ధ గ్రంథంలో. మధ్యలో ఎనిమిది వందల ఏళ్ళు! సేనాని చేతికైతే లేని కర్రను కూడా తెచ్చి పెట్టారు.

నాకు ఇష్టమైన సంగతి చివరికి ఉంచాను. 16వ శతాబ్దంలో సముద్రపు దొంగలు చైనా తీరం మీద పడి దోచుకుంటుంటే చి జిగువాంగ్ అనే సేనాని యివు ప్రాంతపు రైతులనూ గని కూలీలనూ ఏరి దళాలు కట్టాడు. దొంగల చేతుల్లో పొడవాటి జపాన్ కత్తులు. ఆయన చూపిన విరుగుడు కొమ్మలు తీయని వెదురు గెడ. ఆ గుబురు కత్తివాణ్ణి దగ్గరికి రానివ్వదు, వెనకనుంచి ఈటెలవాళ్ళు పొడుస్తారు. దళంలో పన్నెండోవాడు వంటవాడు, భుజాన కావడితో. అతనికీ లెక్కలో చోటుంది.

మొన్న వచ్చినప్పుడు మన వంట మాస్టరు గారికి ఇదంతా చెప్పాను. గరిటె పక్కన పెట్టి విన్నారు. “అయితే కావడి బద్ద కూడా ఆయుధమేనా?” అని అడిగారు. అవసరమైతే అవుతుంది కదా అన్నాను.

“రాసేటప్పుడు అది మర్చిపోకురా” అన్నారు.