చేదెల్ల మందగునా?



మన పెద్దలు రుచుల నాఱుగా విభజించి, వానిలో చేదునకు తిక్తమని పేరిడిరి. తిక్తరసము తనంత తాను రుచింపకున్నను, రుచి తప్పిన నోటికి మరల రుచి పుట్టించునని మన వైద్యులు చెప్పుచుందురు. ఉగాదినాడు పచ్చడిలో వేపపువ్వు వేయని తెలుగిల్లు అరుదు. బాలెంతకును, పసిబిడ్డకును, జ్వరము తగిలినవానికిని చేదు త్రాగించుట మన యిండ్లలో ఆడువారి పనియే గదా! కావున ఏ చేదు మందు, ఏది కాదు, మందైనచో ఎంతవఱకు మందు అను సంగతి ముందుగా తెలిసికొనవలసినవారము మనమే.

అసలు చెట్టునకు చేదెందులకు? చెట్టు పరుగెత్తి తప్పించుకొనజాలదు. తన్ను తినవచ్చిన పురుగును, పశువును దూరముగా నుంచుటకై ఆకునందును, బెరడునందును, గింజయందును చేదు పదార్థములను కూర్చుకొనును. మన నాలుకయు దీని నెఱుగును. చేదును కనిపెట్టుటకై మనుష్యుల నాలుకపై ఇంచుమించు 25 విధముల గ్రాహకములు గలవని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పసిపాప చేదు తగిలినంతనే మొగము ముడిచి ఉమిసివేయుట ప్రకృతి నేర్పిన జాగ్రత్త. అనగా చేదు మొదట హెచ్చరిక, ఆ పిమ్మటనే మందు. ముష్టిగింజయు చేదే, అది ప్రాణము తీయును.

మన వేమునే చూతము. 1959లో సూడాను దేశమున మిడుతల దండు వ్రాలి పచ్చని ఆకెల్ల తినివేయగా, వేపచెట్లు మాత్రము చెక్కుచెదరక నిలుచుట హైన్రిచ్ ష్ముటరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు చూచెను. 1968లో ఇంగ్లండునందు వేపగింజలనుండి అజాడిరక్టిన్ అను పదార్థమును వేఱుచేసిరి. అది సోకిన పురుగు మేత మానును. కుబుసము సరిగా విడువలేక నశించును. ధాన్యపు గాదెలలో ఎండు వేపాకు వేసిన మన అవ్వల తెలివి ఎంత చక్కనిదో దీనివలన తెలియుచున్నది.

అయినను పురుగునకు విషమైనది పసిబిడ్డకు మేలే చేయునని తలపరాదు. చిన్న చిన్న రోగములకై వేపనూనె త్రాగించిన శిశువులకు కొన్ని గంటలలోనే వాంతులు, మగత, ఎగశ్వాస, మూర్ఛలు కలిగినట్లు 1981లో మలేషియా వైద్యులు ప్రకటించిరి. ఒక్క చిన్న చెంచాడు నూనెయే కొందఱికి కీడు చేసినది. కాలేయమునకును మెదడునకును హాని కలిగి, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము గూడ వాటిల్లును. ఆ తల్లులు బిడ్డలకు మేలుకోరియే పోసిరి.

అట్లయిన చేదు మందుగా నెట్లు మాఱును? దీనికి క్వినైను చరిత్రమే చక్కని నిదర్శనము. దక్షిణ అమెరికాలోని ఆండీసు కొండలలో సింకోనా యను చెట్టు గలదు. దాని బెరడు చలిజ్వరమునకు మందని పదునేడవ శతాబ్దమున ఐరోపావారు గ్రహించిరి. కాని యొక చెట్టు బెరడునకును మఱొక చెట్టు బెరడునకును సత్తువలో భేదము మెండు. ఒకనికి తగ్గిన పొడి వేఱొకనికి తగ్గలేదు, కల్తీయు విస్తారము. 1820లో పారిసు నగరమున పెల్టియే, కావెంటూ అను ఇరువురు ఆ బెరడునుండి క్వినైనును వేఱుచేసిరి. నాటినుండి మందును తూచి ఇచ్చుట సాధ్యమైనది. 1860 తరువాత నీలగిరులయందును, డార్జీలింగు కొండలయందును సింకోనా తోటలు వెలసినవి. 1897లో మన సికిందరాబాదునందే రొనాల్డు రాసు మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొనెను. ఏ క్రిమిమీద పని చేయవలయునో, ఎంత తూకమున ఈయవలయునో తెలిసిన పిమ్మట ఆ చేదు నమ్మదగిన మందైనది. తూకము మించెనేని చెవులలో హోరు పుట్టును. చూపునకును గుండెకును ముప్పు కలుగును. నేడు మలేరియాకు ఆర్టిమిసినిన్ జాతి మందులు ముందునకు రాగా, క్వినైను వాడుక తగ్గినది.

క్వినైను నడచిన దారిని అన్ని చేదులును కడవఱకు నడువలేదు. ఇటీవల మా వీథిలోని యొక యిల్లాలు, తన యత్తగారికి ఆసుపత్రిలో క్యాన్సరునకు చికిత్స జరుగుచుండగా, దానిని మాన్పించి లక్ష్మీతరువు ఆకుల కషాయము పట్టింపవచ్చునా యని మమ్మడిగినది. “అంత చేదుగా నున్నది, పని చేయకుండునా అమ్మా?” అన్నది. ఇట్టి ప్రశ్న ఎన్ని యిండ్లలో నున్నదో! కావున విపులముగా వ్రాయుచున్నాము.

లక్ష్మీతరువు మధ్య అమెరికా ప్రాంతపు చెట్టు. గింజలలోని నూనెకొఱకై 1960 తరువాత మన దేశమునకు తెచ్చిరి. మన పెద్దమాను చెట్టును దాని కుటుంబములోనిదే. ఈ కుటుంబపు చెట్లలో క్వాసినాయిడ్లను మిక్కిలి చేదైన పదార్థములున్నవి. ప్రయోగశాలలోని గాజుపాత్రలలో ఇవి క్యాన్సరు కణములను చంపుట నిజమే. ప్రచారమెల్ల ఇక్కడనే ఆగిపోవును. మనము తరువాతి కథ వినవలెను.

ఇథియోపియాలోని మఱొక చెట్టునుండి బ్రూసియాంటిన్ అను క్వాసినాయిడును 1973లో అమెరికావారు వేఱుచేసిరి. ఎలుకల రక్తక్యాన్సరుపై అది చక్కగా పని చేసినది. ఎంతయో ఆశతో 1980 ప్రాంతమున రోగులకిచ్చి పరీక్షించిరి. వాంతులు కలిగినవి, రక్తపుపోటు పడిపోయినది. గడ్డలు మాత్రము తగ్గలేదు. పరీక్షలు నిలిపివేసిరి. శుద్ధిచేసి, తూచి, వైద్యుల కనుల యెదుట ఇచ్చినదే యిట్లైనచో, ఏ యాకులో ఎంత చేదున్నదో తెలియని కషాయమును నమ్మి చికిత్స మానుట యెట్లు? లక్ష్మీతరువు కషాయము మనుష్యులలో క్యాన్సరును మాన్పునని తగిన పరీక్షలచే రుజువు కాలేదు. గడచిన కాలము ఆ రోగమున తిరిగి రాదు. ఆ యిల్లాలికిని మేమిదియే చెప్పితిమి.

ఇందువలన చేదును నిందింపరాదు. ఈ చెట్లలో రేపటి మందులుండవచ్చును. శాస్త్రజ్ఞులు వెదకుచునే యున్నారు. మన యిండ్లలో పాటింపదగిన కొన్ని సంగతులు మాత్రము చెప్పెదము. పసిబిడ్డలకు వేపనూనె నోట పోయవలదు, గర్భవతులును త్రాగరాదు. చలితో జ్వరము వచ్చినచో కషాయముతో దినములు గడపక, రక్తపరీక్ష చేయింపుడు. కూరకు తెచ్చిన ఆనపకాయ చేదుగా నున్నచో ఆరోగ్యమని మ్రింగక పాఱవేయుడు. దాని రసము త్రాగి ప్రాణములు పోగొట్టుకొన్నవారు గలరు. పెద్ద రోగమునకు చికిత్స పొందువారు ఏ కషాయము త్రాగుచున్నను వైద్యునకు దాచక చెప్పవలెను. ఒక మందు మఱొకదాని బలమును మార్చుట గలదు.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు చిటికెడే వేయుదుము గదా! వంటయింట మనకు తెలిసిన ఆ కొలతను మందు గిన్నె పట్టినప్పుడును మఱవకుందుము గాక!