బండి మీ దగ్గర, కబురు పాత ఓనర్ దగ్గర

2023 సంక్రాంతికి కొత్త కారు కొన్నవాళ్లలో కొందరికి పండగైన వారంలోపే ఓ కబురొచ్చింది. బండి బయటకు తీయకండి అని. ఆ జనవరి 18న మారుతి సుజుకి ప్రకటించిన రీకాల్ అది. 2022 డిసెంబర్ 8 నుంచి 2023 జనవరి 12 మధ్య తయారైన 17,362 కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ మీద అనుమానం వచ్చింది. ఆల్టో కే10, ఎస్‌ప్రెస్సో, ఈకో, బ్రెజా, బాలెనో, గ్రాండ్ విటారా అన్నీ ఉన్నాయి అందులో. యాక్సిడెంట్ అయితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు, ఆ పార్ట్ మార్చేదాకా నడపొద్దు అని కంపెనీయే చెప్పింది. బానెట్ మీద పసుపు బొట్లు ఇంకా చెరగనే లేదు పాపం.

వాళ్లకైనా కబురు సులువుగానే అంది ఉంటుంది. కొత్త బండి, సొంత నంబర్. షోరూమ్ వాళ్లు దసరా ఆఫర్లకి కూడా ఫోన్ చేస్తారు కదా! నా బెంగంతా రెండో ఓనర్ గురించి, మూడో ఓనర్ గురించి. అంటే మనలో చాలామంది గురించే. మొదటి జీతాలు కూడబెట్టి కొనే కారు ఎక్కువగా సెకండ్ హ్యాండే.

కంపెనీ దగ్గర ఉండేది మొదట కొన్నాయన ఫోన్ నంబర్. మీరు బండి కొని, ఆర్టీఏకి వెళ్లి, ఆర్‌సీ మీ పేరు మీదికి మార్చుకుంటారు. అది ప్రభుత్వ రికార్డు. షోరూమ్ కంప్యూటర్‌లో మాత్రం పాతాయనే ఓనర్. మీరేమో సర్వీసింగ్ ఖర్చు ఎక్కువని వీధి చివరి మెకానిక్ దగ్గరికి పోతారు. (తప్పేం లేదు, నేనూ అంతే.) ఇక కంపెనీకి మీరు దొరికేదెలా?

మా కింది ఫ్లాట్ కుర్రాడు నాలుగేళ్ల పాత కారు కొన్నాడు. టైర్లు చూశాడు, కిలోమీటర్లు చూశాడు, మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి ఇంజిన్ చూపించాడు. నేను ఆర్‌సీ తెమ్మని, దాని మీదున్న ఛాసిస్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టించాను. బ్రేకులకి సంబంధించిన ఓ పార్ట్ మార్చాలని వచ్చింది. ‘అన్నా, ఇది నా బండేనా?’ అన్నాడు. పాత ఓనర్‌కి ఫోన్ చేస్తే, ‘ఏదో మెసేజ్ వచ్చిందండీ, బండి అమ్మేశాం కదా అని పట్టించుకోలేదు’ అన్నాడాయన. కోపం కూడా రాలేదు. మనమైనా అంతేగా, అమ్మేసిన బండి మెసేజ్ ఎవరు చదువుతారు?

పాత బండికి ఇప్పుడేం కాదులే అనుకోవద్దు. తకాటా ఎయిర్‌బ్యాగుల సంగతి చూడండి. జపాన్‌కి చెందిన ఆ కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌ని ఉబ్బించడానికి అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ రసాయనం పాడవుతుంది. అప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాల్సిన వేళ దాని వెనకున్న లోహపు డబ్బానే పగిలి, ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. అంటే బండి పాతబడే కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఒక్క అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లు రీకాల్ జాబితాకి ఎక్కాయి. హోండా మన దేశంలోనూ విడతలుగా కార్లు వెనక్కి పిలిచి మార్చింది. వేడి, తేమ అన్నాక కాకినాడ, విశాఖ వాళ్లకి నేను విడిగా చెప్పాలా?

అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్లు కూడా ఇది చదవాలి. అక్కడ సీనియర్ల నుంచి జూనియర్లకి చేతులు మారే పాత అకార్డ్‌లు, సివిక్‌లు తెలిసినవే కదా. 2001 నుంచి 2003 దాకా వచ్చిన కొన్ని హోండా, అక్యురా మోడళ్లలో ఒక రకం తకాటా ఇన్‌ఫ్లేటర్, యాక్సిడెంట్‌లో పగిలిపోయే అవకాశం 50 శాతం దాకా ఉందని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 2016లో చెప్పింది. ఆ సంస్థ సైట్‌లో ఏ కంపెనీ కారైనా నంబర్ కొడితే చాలు, రీకాల్ పెండింగ్ ఉంటే తెలిసిపోతుంది. కానీ రీకాల్ పెండింగ్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు అమ్మకూడదని డీలర్‌ని ఆపే కేంద్ర చట్టం అక్కడ కూడా లేదు. చూసుకోవాల్సింది కొనేవాళ్లే.

మన దగ్గర 2012 నుంచి కంపెనీలు స్వచ్ఛందంగా రీకాల్ చేస్తున్నాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి దీన్ని చేర్చారు, 2021 ఏప్రిల్ 1 నుంచి రూల్స్ వచ్చాయి. తమంతట తాము చేయకుండా ప్రభుత్వంతో చెప్పించుకుంటే 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. వర్తించేది ఏడేళ్లలోపు బండ్లకే. నాకు అర్థం కానిది ఒకటుంది. సిగ్నల్ జంప్ చేస్తే చలాన్ మెసేజ్ ఇప్పటి ఓనర్ ఫోన్‌కే వస్తుంది, ఫొటోతో సహా. అంటే ఎవరి బండి ఎవరి దగ్గరుందో ప్రభుత్వానికి తెలుసు. రీకాల్ కబురు కూడా అదే నంబర్‌కి పంపించలేరా?

బైకులు, స్కూటర్ల వాళ్లు ఇది కార్ల గొడవ అనుకోవద్దు. 2021 మేలో ఇగ్నిషన్ కాయిల్ లోపంతో రాయల్ ఎన్‌ఫీల్డ్ 2,36,966 బైకుల్ని రీకాల్ చేసింది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఓ పెద్దాయన చనిపోయాక, హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లని వెనక్కి పిలిచింది. అదే నెలలో ఓలా 1,441, ఒకినావా 3,215. వీటిలో ఎన్ని తర్వాత చేతులు మారి, డెలివరీ బ్యాగులు మోస్తున్నాయో మరి.

సరే, ఫోన్ చేతిలోనే ఉంది కదా, ఆర్‌సీ తీయండి. ఛాసిస్ నంబర్ మొత్తం 17 అక్షరాలూ అంకెలూ. అందులో ఇంగ్లిష్ ‘ఓ’, ‘ఐ’ ఉండనే ఉండవు, అలా కనిపిస్తే అవి సున్నా, ఒకటి. కంపెనీ సైట్‌లో రీకాల్ పేజీ వెతికి, అక్కడ కొట్టండి.  ఎవరో పంపిన లింకులు నొక్కొద్దు. రీకాల్ రిపేర్‌కి డబ్బులు కట్టమన్నా, ఓటీపీ అడిగినా అది మోసమే. పార్ట్, లేబర్ రెండూ కంపెనీ ఖర్చే, మీరు ఎన్నో ఓనర్ అయినా సరే. సైట్‌లో దొరక్కపోతే ఏ ఆథరైజ్డ్ షోరూమ్‌కి ఫోన్ చేసినా ఛాసిస్ నంబర్‌తో చూసి చెబుతారు. అదే కాల్‌లో రికార్డులో పేరు, నంబర్ మార్పించుకోండి. పార్ట్ స్టాక్ లేదంటే ఊరికే వెనక్కి రావొద్దు, రీకాల్ పెండింగ్ అని జాబ్ కార్డ్ మీద రాయించుకుని, అప్పటిదాకా బండి నడపొచ్చో లేదో అడిగి రండి.