నూటికెంత? దేనిమీద?

మన విద్యార్థులు మిక్కిలి సులభమని తలచి, మిక్కిలి తరచుగా పొరబడే గణిత పాఠం శాతముల పాఠం. ఉర్దూలో "ఫీసదీ" అన్నా, తెలుగులో "శాతం" అన్నా అర్థం ఒక్కటే: నూటికి ఇంత అని. పారసీక భాషలోని "సద్", సంస్కృతంలోని "శతం" ఒక తల్లి బిడ్డలే. మాట ఇంత తేటగా ఉన్నప్పటికీ భావం మాత్రం విద్యార్థి మనస్సులో నిలవడం లేదు. శాతాన్ని మనం సూత్రంగా బోధిస్తున్నాము గాని, ప్రశ్నగా బోధించడం లేదు. "నూటికెంత?" అని అడుగుతున్నాము, "దేనిమీద?" అని అడగడం లేదు. ఈ రెండవ ప్రశ్నను నేర్పడానికి అమ్మకం పన్నును మించిన సాధనం మరొకటి లేదని నా దృఢమైన అభిప్రాయం.

అమ్మకం పన్ను మనకు కొత్తది కాదు. రాజాజీ ప్రభుత్వం 1939లో మద్రాసు రాష్ట్రంలో సాధారణ అమ్మకం పన్ను చట్టాన్ని తెచ్చినది. హైదరాబాదు రాష్ట్రానికి 1950లోను, ఆంధ్రప్రదేశ్‌కు 1957లోను అటువంటి చట్టాలే వచ్చినవి. 2005 ఏప్రిల్ 1 నుండి వ్యాట్, 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. ఆ స్థానాన్ని ఆక్రమించినవి. పేర్లు మారినవి, రేట్లు మారినవి. నూరు మాత్రం నూరుగానే ఉన్నది.

2025 సెప్టెంబరు 22 నుండి స్నానపు సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనెల వంటి వస్తువులపై పన్ను 18 శాతం నుండి 5 శాతానికి తగ్గినది. దీనినే తరగతిలో లెక్కగా ఇవ్వవచ్చును. పన్ను లేని వెల 100 రూపాయలనుకుందాం. పూర్వం మనం 118 చెల్లించేవారము. ఇప్పుడు 105 చెల్లించాలి. తగ్గినది 13 రూపాయలు. "అయితే ధర నూటికి 13 తగ్గినది" అని సగం తరగతి ఒక్క గొంతుతో చెబుతుంది. "దేనిమీద?" అని అడగండి. మనం చెల్లిస్తూ వచ్చినది 118. ఆ 118 మీద 13 అంటే నూటికి ఇంచుమించు 11 మాత్రమే. పన్ను రేటు 13 అంశాలు తగ్గడం వేరు, ధర 13 శాతం తగ్గడం వేరు. ఈ తేడా తెలియనివాడు పత్రికలోని శీర్షికను చదవగలడు గాని, వార్తను అర్థం చేసుకొనలేడు.

ఇదే లెక్కను తిరగవేసి అడిగితే చిక్కు మరింత స్పష్టమవుతుంది. 18 శాతం పన్ను కలిసిన బిల్లు 118 రూపాయలు. ఇందులో పన్ను ఎంత? విద్యార్థి 118ని 18తో గుణించి, నూరుతో భాగించి, 21 రూపాయల 24 పైసలంటాడు. గుణకారం తప్పు కాదు, భాగహారం తప్పు కాదు. ఎంచుకొన్న నూరు తప్పు. పన్ను అసలు వెలమీద పడినది గాని, మొత్తం మీద కాదు. 118లో 18 పన్ను అయినప్పుడు, ఇచ్చిన మొత్తంలో ఎంత? ఇది మన పూర్వులు ఎరిగిన త్రైరాశికమే. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన పదకొండవ శతాబ్దంలో తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. వేయేండ్ల నాడు తెలుగులో లెక్క చెప్పినవారి వారసులకు నేడు కిరాణా బిల్లు అర్థం కాకపోవడం శోచనీయం.

ఇక మన ప్రాంతం సంగతి చూద్దాం. సిరికొండ మొదలు బోధన్ వరకు ఎన్నో ఇండ్లలో తల్లులు, అక్కలు బీడీలు చుడుతారు. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు బీడీ ఆకుపై 18 శాతం, బీడీలపై 28 శాతం పన్ను విధించినారు. తయారీదారు 100 రూపాయల ఆకు కొని 18 పన్ను చెల్లించి, 300 రూపాయలకు బీడీలు అమ్మినాడనుకుందాం. నాటి రేటున ఆ అమ్మకంపై పన్ను 84. ఆకుపై ముందే చెల్లించిన 18 మినహాయించి 66 రూపాయలు ఖజానాకు కట్టాలి. పన్ను మీద పన్ను పడకుండా చేసే పద్ధతి ఇదే. ఇంత పెద్ద ఆర్థిక సూత్రం మన విద్యార్థి ఇంటి చేటలోనే ఉన్నది.

ఆ చేటలోనే మరొక లెక్క కూడా ఉన్నది. చుట్టిన బీడీలలో నూటికి 5 బాగాలేవని తీసివేస్తే, వేయి బీడీల కూలి పొందడానికి ఎన్ని చుట్టాలి? 1050 అని తొందరపడతాము. కాని తీసివేసేది చుట్టిన వాటిమీద నూటికి 5. కనుక 1053 చుట్టాలి. చెరకు రైతు విషయమూ ఇంతే. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన ధర క్వింటాలుకు 355 రూపాయలు, అది 10.25 శాతం పంచదార రికవరీ మీద ఆధారపడినది. 1930 దశకంలో స్థాపించబడి 2015 డిసెంబరులో మూతపడిన బోధన్ నిజాం షుగర్స్‌ను ఎరిగిన రైతు కుటుంబాలకు ఆ దశాంశ బిందువు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

కొందరు ఉపాధ్యాయులు ఒక ఆక్షేపణ చేస్తారు: రేట్లు తరచుగా మారుతుంటే పాఠం పాతబడదా? పాతబడుతుంది. అందుకే పాఠ్యపుస్తకంలోని రేటును గాక, విద్యార్థి చేతిలోని బిల్లును పాఠంగా తీసుకోవాలి. మరికొందరు, పన్ను వ్యాపారుల వ్యవహారం, పేద విద్యార్థికి దానితో పనేమిటి అంటారు. ఆదాయపు పన్ను ధనికునిది కావచ్చును. అమ్మకం పన్ను మాత్రం సబ్బు కొన్న ప్రతివానిదీ. వ్యాపారి దానిని మన వద్ద వసూలు చేసి ప్రభుత్వానికి అందజేసే మధ్యవర్తి మాత్రమే. ఆ సొమ్ము గమ్యం చేరకపోవడమూ ఉన్నది. 2017లో బోధన్ వాణిజ్య పన్నుల సర్కిలులో నకిలీ చలానాల కుంభకోణం వెలుగులోకి వచ్చి, దర్యాప్తు సి.ఐ.డి. చేతికి వెళ్ళినది. ప్రజలు తాము ఎంత చెల్లిస్తున్నారో లెక్క కట్టగలిగినప్పుడే, అది ఎక్కడికి పోయినదని అడగగలరు.

కనుక నా సూచన ఇది. ఉర్దూ మాధ్యమమైనా, తెలుగు మాధ్యమమైనా, శాతముల పాఠం మొదలుపెట్టే నాడు ప్రతి విద్యార్థి ఇంటినుండి ఒక బిల్లు తేవాలి. దానిపై దుకాణపు జి.ఎస్.టి. సంఖ్య ఉన్నదా? పదిహేను అక్షరాంకెల ఆ సంఖ్య మన తెలంగాణలో 36తో మొదలవుతుంది. రిజిస్టరు కాని దుకాణదారుకు పన్ను వసూలు చేసే హక్కు లేదు. వస్తువుపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ ఇమిడి ఉన్నవి. దానిపై మళ్ళీ పన్ను కలిపినారా? కేంద్రానికి 9, రాష్ట్రానికి 9 అని రెండు వరుసలుగా చూపిన శాతాలు ఏ మొత్తంపై లెక్కించినవి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాబట్టిన బాలుడు శాతాలను పరీక్ష ముగిసిన మరునాడు మరచిపోడు.

విద్యార్థి మిత్రులారా! తగ్గింపు బోర్డు చూచినా, వడ్డీ పత్రంపై సంతకం చేయవలసి వచ్చినా, ఎన్నికల సభలో ఎవరైనా నూటికి ఇంత అని ఘనంగా ప్రకటించినా, వెంటనే "దేనిమీద?" అని అడగండి. అంకెలు ఎంత పెద్దవైనా ఆ చిన్న ప్రశ్నకు సమాధానం చెప్పి తీరవలసినదే.