రెండు శాతం కొలబద్దతో చిన్న వ్యాపారిని తూచలేం

సామాజిక బాధ్యత పెద్ద కంపెనీల వ్యవహారమనీ, చిన్న వ్యాపారులకు దాని మీద ఆసక్తి గానీ అవగాహన గానీ ఉండదనీ వాణిజ్య వర్గాల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. చిన్న సంస్థల్లో సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) విభాగం, బడ్జెట్, వార్షిక నివేదిక లేకపోవడాన్ని దీనికి రుజువుగా చూపుతారు. ఈ రుజువు నిలవదు. కాగితాలు లేవన్నంత మాత్రాన బాధ్యత లేదని తేలదు.

ఈ అపోహకు మూలం చట్టం ఎంచుకున్న కొలబద్దలో ఉంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్ల రూపాయలు: వీటిలో ఏ ఒక్క పరిమితిని చేరిన కంపెనీ అయినా గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పనులు ఈ లెక్కలోకి రావు. రోజువారీ వ్యాపారంలో భాగమైన పనులూ సాధారణంగా రావు. కాబట్టి చట్టం దృష్టిలో సీఎస్ఆర్ అంటే లాభం చేతికొచ్చాక సంస్థ బయట పెట్టే ఖర్చు.

చిన్న యజమాని బాధ్యత సంస్థ లోపలే కనిపిస్తుంది. గిరాకీ లేని నెలల్లో పనివాళ్ళను తీసేయకుండా నెట్టుకురావడం, ఆసుపత్రి ఖర్చుకు వడ్డీ లేని అడ్వాన్సు ఇవ్వడం, కూలి దొరకని రోజుల్లో కిరాణా ఖాతా మూసేయకపోవడం ఇలాంటివే. 2 శాతం కొలబద్ద మీద వీటి విలువ సున్నా.

వ్యాపారి ధర్మం లాభార్జన ఒక్కటేనని మరికొందరు ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ను అడ్డు తెచ్చుకుంటారు. 1970లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో వచ్చిన ఆయన వ్యాసం ప్రధానంగా వాటాదారుల సొమ్మును ఖర్చు పెట్టే కంపెనీ అధికారుల గురించి. సొంత యజమాని సంగతి వేరనీ, అతను ఖర్చు చేసేది తన డబ్బేననీ ఆ వ్యాసమే ఒప్పుకుంది. యజమానే నిర్వాహకుడైన చిన్న సంస్థకు ఆ వాదన వర్తించదు.

అలాగని చిన్న వ్యాపారులందరూ నిర్దోషులు కారు. జాతరకు ఘనంగా చందా రాసి, పనివాళ్ళకు పీఎఫ్ ఎగవేసే యజమాని బాధ్యత తీర్చుకున్నట్టు కాదు. చిన్నవాళ్ళం కాబట్టి హాని కూడా చిన్నదేనన్న వాదనా నిలవదు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి చుట్టుపక్కల ఊళ్ళ నీటినీ పొలాలనూ పాడుచేశాయి. 1990లో దానిపై వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది. అనేక పరిశ్రమల మురుగు ఒకే వాగులో కలిసినప్పుడు ఎవరి వాటా ఎంతని ఎవరికి వారు తప్పించుకోలేరు.

చిన్న సంస్థల్లో యజమాని వైఖరికే ఎక్కువ బరువుంది. ఈఎస్ఐ సాధారణంగా 10 మంది, పీఎఫ్ 20 మంది ఉద్యోగులున్న చోటి నుంచే తప్పనిసరి. అంతకన్నా చిన్న చోట పనివాడికి దక్కే రక్షణ చాలావరకు యజమాని మనసు మీదే ఆధారపడుతుంది.

ఆ మనసున్నా చేతిలో డబ్బాడకుండా చేసేది తరచూ పెద్ద కొనుగోలుదారే. 2006 ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సరఫరాదారుల బిల్లులు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. అయినా ఆర్డరు పోతుందన్న భయంతో ఫిర్యాదు చేయడానికి వెనకాడేవాళ్ళున్నారు. చిన్నవాడి బిల్లు తొక్కిపెట్టి బడికి బెంచీలు పంచిన కంపెనీ బాధ్యతాయుతమైనదిగా లెక్కకెక్కుతుంది. బిల్లు రాకపోయినా అప్పుచేసి జీతాలిచ్చిన వర్క్‌షాపు యజమాని ఏ నివేదికలోనూ కనిపించడు.

సరైన కొలమానం లేకపోలేదు. సామాజిక బాధ్యతపై 2010లో వెలువడిన ఐఎస్ఓ 26000 మార్గదర్శకాలు చిన్నా పెద్దా తేడా లేకుండా అన్ని సంస్థలకూ వర్తిస్తాయి. పనివాళ్ళ పరిస్థితులు, పర్యావరణం, న్యాయమైన వ్యాపార పద్ధతులు, వినియోగదారుల ప్రయోజనాలు వాటిలో ముఖ్యాంశాలు. వాటికి సర్టిఫికెట్ అంటూ ఉండదు. జీతం వేళకు అందుతోందా, మురుగు ఎటు పోతోంది, తూకం సరిగా ఉందా, సరుకిచ్చినవాడికి డబ్బు ముట్టిందా అని అడగాలి. ఈ ప్రశ్నలు చిన్న వ్యాపారికి ఎంత వర్తిస్తాయో పెద్ద కంపెనీకీ అంతే వర్తిస్తాయి.