కనబడని పురుగునూ లెక్కించాలి

సంపాదకులకు,

నులిపురుగుల పరీక్షలపై మీరు వేసిన వ్యాసంలో ‘మైక్రోస్కోపు ఉండగా పీసీఆర్ (డీఎన్ఏ పరీక్ష) ఖర్చు దండగ’ అన్న మాటను ఒప్పుకోలేను.

మా ఛత్తీస్‌గఢ్ సంగతే చూడండి. కేంద్ర ఆరోగ్యశాఖ లెక్కల్లో నులిపురుగుల వ్యాప్తి 2016లో 74.6 శాతం, 2018కి 13.9. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2016లో 36 ఉన్నది 2019లోనూ 34.3 దగ్గరే ఉంది. మా రాష్ట్రంలో నులిపురుగులకు వేసే ఆల్బెండజోల్ మాత్రలు బాగా పనిచేశాయి, సంతోషం. అయితే పురుగులు తగ్గేకొద్దీ మలంలో గుడ్లూ పలచబడతాయి, మైక్రోస్కోపుకు దొరకవు. మలాన్ని మైక్రోస్కోపు కింద చూసే కాటో-కాట్జ్ స్లైడులో గ్లిజరిన్ వల్ల కొంకిపురుగు గుడ్లు గంట గడిచేసరికే మాయమవుతాయి. టెక్నీషియన్ కాస్త ఆలస్యం చేస్తే ఉన్న జబ్బు లేనట్టే రాసేస్తారు!

ఇంకొకటి. మనుషుల కొంకిపురుగు గుడ్డు, కుక్కల నుంచి వచ్చే ఆంకైలోస్టోమా సైలానికమ్ గుడ్డు చూపుకు ఒకేలా ఉంటాయి. డీఎన్ఏ పరీక్షే వాటిని విడదీస్తుంది. మా రాయ్‌పూర్ తెలీబంధాలో వీధికుక్కలు తిరిగే మట్టిలోనే పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకుంటారు. పురుగు కుక్కల నుంచి వస్తుంటే మందు పిల్లలకే వేస్తే చాలుతుందో లేదో మాకు తెలియాలి కదా.

తమిళనాడు, బెనిన్, మలావీల్లో జరిగిన డీవార్మ్3 అనే నులిపురుగుల పరిశోధన కూడా వ్యాప్తి ఆగిందా లేదా అని తేల్చడానికి పీసీఆర్‌లో ఒక రకమైన క్యూపీసీఆర్‌నే నమ్ముకుంది.

ప్రతి పిల్లవాడికీ పీసీఆర్ పరీక్ష చేయమనడం లేదు. మాత్ర వేయడానికి పరీక్షే అక్కర్లేదు. సర్వే నమూనాల్లో కొన్నింటికైనా చేయాలి. కోవిడ్ నాడు కొన్న పీసీఆర్ యంత్రాలను ఇందుకు వాడమని ఆరోగ్యశాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తెలీబంధా, రాయ్‌పూర్