తప్పు కొలత రాసే హక్కు

కొన్నేళ్ల క్రితం మా ప్రయోగశాలలో మొదటి సంవత్సరం బీఎస్సీ విద్యార్థి లఘులోలకం ప్రయోగం చేశాడు. పొడవు 100 సెంటీమీటర్లు. 20 డోలనాలకు 40.4 సెకన్లు. లెక్కగడితే గురుత్వ త్వరణం 9.68. రికార్డులో మాత్రం 9.8 అని ఉంది. ఎందుకు మార్చావని అడిగాను. ‘మాలాంటివాళ్లకు తప్పొస్తే చదువే రాదంటారు సార్’ అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

నిజానికి అతని కొలత తప్పు కాదు. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.3 సెకన్ల తేడా ఉందనుకుంటే ఫలితంలో దాదాపు 0.14 అనిశ్చితి ఉంటుంది. పుస్తకంలోని విలువ ఆ హద్దుల్లోనే ఉంది. చూసింది చూసినట్టు రాయడం, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో లెక్కగట్టడం భౌతికశాస్త్ర డిగ్రీ నేర్పవలసిన తొలి నైపుణ్యాలు. కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం, ఉపన్యసించడం ఆ తరువాతి మాట.

అయితే మన తరగతి గదుల్లో పొరపడే హక్కు అందరికీ సమానంగా లేదు. అగ్రకుల విద్యార్థి పొరపడితే అది ఆనాటి పొరపాటు. దళిత, ఆదివాసీ విద్యార్థి పొరపడితే రిజర్వేషన్‌పై తీర్పు. ఆ భయంలో సరైన జవాబును ఎత్తి రాయడమే క్షేమమనిపిస్తుంది. అలా మనమే శాస్త్ర దృష్టిని మొగ్గలో తుంచుతున్నాం.

నక్షత్రాల వర్ణపటాలను అర్థం చేసుకునే అయనీకరణ సమీకరణాన్ని 1920లో అందించిన మేఘనాథ్ సాహాకు విద్యార్థి దశలో కలకత్తా హాస్టల్‌లో అగ్రకులస్థుల భోజన పంక్తిలో చోటు దక్కలేదు. ఆయన ఎదిగారని గర్విస్తాం. కానీ అసాధారణ ప్రతిభ ఉంటేనే నిలబడగలిగే వ్యవస్థను న్యాయమైనదని ఎలా అనగలం?

చేయవలసినవి కష్టమైనవేమీ కావు. ప్రయోగశాల జంటలను చీటీలు తీసి నిర్ణయించాలి; పరికరం పట్టడం, అంకెలు రాయడం ఇద్దరూ వంతులవారీగా చేయాలి. మార్కులు పుస్తక విలువకు చేరువైనందుకు కాక, దోష విశ్లేషణకు ఇవ్వాలి. వైవాలో తెలుగులో జవాబు చెప్పే వీలుండాలి. ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశానికి జరిగే జామ్ పరీక్ష, విజ్ఞాన అకాడమీల వేసవి ఫెలోషిప్‌ల సమాచారం అధ్యాపకుల ఇష్టులకే గాక ప్రతి విద్యార్థికీ అందాలి. దరఖాస్తు నింపడంలో శాఖే తోడుండాలి.

విద్యార్థులకు నాదొక్కటే మాట: మీకు వచ్చిన అంకెనే రాయండి. దానికి మార్కులు కోసే అధ్యాపకుణ్ణి కారణం అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మాది.