గోడ రైల్వేది, చెమ్మ కాపురస్తులది

ప్రతి సంవత్సరం మార్చి నెల ప్రవేశించగానే పాశ్చాత్య దేశాల నుంచి వెలువడే వార్తలలో ఒక అంశం తప్పక చోటు చేసుకుంటుంది. మంచు కరిగింది, ఎండ కాస్తోంది, కనుక ఇంటి వెలుపలి మరమ్మతులను స్వయంగా చేపట్టవలసిందంటూ గృహస్థులకు ఇచ్చే సలహాలే దాని సారాంశం. ఇది చిన్న వ్యాపారమేమీ కాదు. ఇంటి మరమ్మతు సామగ్రిని విక్రయించే అమెరికన్ సంస్థ హోం డిపో 1978లో ప్రారంభమైంది. 2024 ఆర్థిక సంవత్సరంలో దాని అమ్మకాలు దాదాపు 16 వేల కోట్ల డాలర్లకు చేరుకున్నాయి. ఏడాది మొత్తంలో ఆ సంస్థకు వసంతమే ముమ్మర కాలం. కూలి ఖరీదైన దేశాలలో ఇంటి యజమానే మేస్త్రీగా, రంగుల పనివాడుగా, తోటమాలిగా మారవలసి రావడం ఇందుకు ముఖ్య కారణం.

ఆ సలహాలన్నింటి వెనుక ఒక నమ్మకం ఉన్నది. ఇల్లు సొంతమన్నదే ఆ నమ్మకం. సొంతం కాని ఇంట్లో జీవితకాలం గడిపేవారికి ఆ సలహా ఎంతవరకు వర్తిస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి తెలుగువారికి బాగా తెలిసిన ఊరు ఒకటి ఉన్నది. అదే పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్.

బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మించిన పట్టణమిది. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇక్కడ వర్క్‌షాప్ నెలకొన్నది. వాల్తేరు వరకు సాగిన ఆ రైలు మార్గం వెంబడే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు వచ్చి స్థిరపడ్డారు. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా ఆ రాక ఆగలేదు. మథురాకాటి, నీంపురా వంటి ప్రాంతాలలో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. తాత, తండ్రి, కుమారుడు ఒకే వర్క్‌షాప్‌లో పనిచేసిన కుటుంబాలున్న ఊరిది. ఆ తరాలన్నీ కాపురమున్న క్వార్టర్లలో ఒక్క ఇటుక కూడా వారి సొంతం కాదు.

ఖరగ్‌పూర్‌లో వసంతం అందమైన ఋతువే కాని, నిడివి తక్కువ. శివరాత్రితో చలి తగ్గుతుంది. చైత్రం ముదిరేసరికి ఎండలు మండిపోతాయి. పట్టణానికి సమీపంలోని కలైకుండాలో 2024 ఏప్రిల్ 30న 47.2 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైన సంగతి పాఠకులకు గుర్తుండవచ్చు. ఈలోగా వాయవ్య దిశ నుంచి విరుచుకుపడే కాలవైశాఖి గాలివానలు మొదలవుతాయి. సాయంత్రం పూట ఆకాశం నల్లబడి, అరగంటలో చెట్లు కూలి, రేకులు ఎగిరిపోవడం అక్కడ ఏటా జరిగేదే. అటుపై తుపానుల భయం. 2020 మే 20న అంఫన్, 2021 మే 26న యాస్ దక్షిణ బెంగాల్‌ను కుదిపివేశాయి. జూన్‌లో ఋతుపవనాలు ప్రవేశిస్తాయి. అంటే ఇంటి వెలుపలి పనికి అనువైన కాలం గట్టిగా చూస్తే ఏడెనిమిది వారాలకు మించదు. ఉగాదికి ముందు ఇల్లు దులిపి, సున్నం కొట్టి, గడపకు పసుపు రాసే మన ఆచారం ఇదే కాలంలో రావడం కాకతాళీయం కాదు. తడి ఆరే ఎండ, పని చేయనిచ్చే చల్లదనం రెండూ ఉన్న రోజులను పెద్దలు అందుకే ఎంచుకున్నారు.

ఆ ఏడెనిమిది వారాలలో పని చేయవలసినది ఎవరన్నదే అసలు సమస్య. నిబంధనల ప్రకారం క్వార్టర్ల నిర్వహణ రైల్వే ఇంజనీరింగ్ శాఖ బాధ్యత. అనుమతి లేకుండా మార్పులు, చేర్పులు చేయడానికి కాపురస్తులకు అధికారం లేదు. క్వార్టరులో ఉన్నందుకు ఉద్యోగి లైసెన్సు రుసుము చెల్లిస్తాడు. అంతకంటె ముఖ్యంగా ఇంటి అద్దె భత్యాన్ని వదులుకుంటాడు. ఖరగ్‌పూర్ స్థాయి పట్టణాలలో ఈ భత్యం 2024 జనవరి నుంచి మూలవేతనంలో 10 శాతం. నలభై వేల రూపాయల మూలవేతనం గల ఉద్యోగి ఈ రూపేణా ఏడాదికి 48 వేల రూపాయలు వదులుకుంటున్నాడన్నమాట. కనుక గోడ పగిలితే బాగుచేయవలసింది యాజమాన్యమేనని అతడు భావించడంలో అన్యాయమేమీ లేదు.

అయితే న్యాయం వేరు, వాన వేరు. వేలాది ఇళ్ళు గల ఏ యాజమాన్యంలోనైనా కూలిన గోడకు వచ్చే వంతు బీటువారిన గోడకు త్వరగా రాదు. పిట్టగోడ బీటలో మొలిచిన రావి మొక్క ఫాల్గుణంలో చేతితో పీకితే వస్తుంది. రెండు వర్షాకాలాలు గడిస్తే దాని వేరు గోడనే చీలుస్తుంది. డాబా తూములో ఆకులు పేరుకుంటే తీయడానికి పది నిమిషాలు చాలు. తీయకపోతే నీరు నిలిచి, కప్పులోకి దిగి, లోపలి ఇనుము తుప్పుపట్టి పెచ్చులు రాలతాయి. పది నిమిషాల పని పదివేల రూపాయల పనిగా మారడం ఇలాగే. కాపురస్తుడు యాజమాన్యం కోసం, యాజమాన్యం నిధుల కోసం ఎదురుచూస్తుండగా నష్టపోయేది ఆ ఇంట్లో నిద్రించే పిల్లలు, వృద్ధులు. గోడ రైల్వేదే కావచ్చు, దాని చెమ్మ మాత్రం కాపురస్తులదే.

అందుచేత ఇంటివారు తమ చేతులతో చేయదగిన పనులున్నాయని అంగీకరించడం మేలు. తూములు, మురుగు కాలువలు శుభ్రం చేయడం, గోడల మొక్కలను వేరుతో సహా తొలగించడం, వాన నీరు పునాదివైపు కాక బయటికి పారేలా మట్టి సర్దడం, గేటు తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ పూయడం, గోడలకు సున్నం వేయడం ఈ కోవలోనివి. వీటికి పెద్ద నేర్పు అక్కరలేదు, పద్ధతి మాత్రం తెలియాలి. సిమెంటు గిలాబు పూసిన చోట కనీసం వారం రోజులు తడపాలి. చైత్రపు పొడిగాలికి అది ఒక్క పూటలో ఆరిపోయి బీటలు వేస్తుంది. డంగు సున్నంతో కట్టిన పాత గోడలపై గట్టి సిమెంటు పూత మెత్తితే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి ఇటుకే చివికిపోతుంది. అటువంటి గోడకు సున్నమే తగిన మందు. డాబాపై వేసిన తెల్లసున్నం వేడిని కూడా తగ్గిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. సూర్యరశ్మిని తిప్పికొట్టే కప్పు ఇంటిని చల్లగా ఉంచుతుందన్న సూత్రమే దానికీ మూలం.

ఖర్చు విషయంలో కొంత ఊరట లభించింది. రంగులపై జి.ఎస్.టి. 2018 జూలైలోనే 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. సిమెంటుపై అదే తగ్గింపు 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలులోకి వచ్చింది. ఒకటి రెండు బస్తాల సిమెంటు, కొంత సున్నం ఇప్పుడు సాధారణ ఉద్యోగికి మోయలేని భారం కాదు. అంతమాత్రాన ఆ భారం అతడిపైనే వేయడం సమంజసమని ఎవరూ అనలేరు.

ఇక ఇంటివారు ఎంతమాత్రం తలపెట్టరాని పనులున్నాయి. ఆస్బెస్టాస్ రేకులను కోయడం, విరగగొట్టడం, వాటికి రంధ్రాలు చేయడం అటువంటిది. ఆస్బెస్టాస్ అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. ఆ ధూళి కంటికి కనిపించదు, దాని ఫలితం దశాబ్దాల తరువాత గాని బయటపడదు. పాత రేకు మనిషి బరువు ఆపుతుందన్న భరోసా కూడా లేదు. విద్యుత్ తీగలకు దగ్గరగా నిచ్చెన వేయడం, వంగిన పిట్టగోడ మీదికి ఎక్కడం, కప్పు పెచ్చులను కింద నిలబడి కొట్టడం కూడా ఇదే జాబితాలోనివి. ఇటువంటి చోట “మనమే చేసుకుందాం” అనడం పొదుపు కాదు, ప్రాణంతో చెలగాటం. ఇవి శాఖాపరంగా, శిక్షణ పొందిన పనివారితో మాత్రమే జరగాలి. వీటికి ఆలస్యం కూడదు.

కాపురస్తుల చేతికి తాపీ ఇస్తే మరమ్మతు పేరిట కొత్త గదులు, పందిళ్ళు, దుకాణాలు లేస్తాయన్నది యాజమాన్యాల అనుమానం. ఈ అనుమానాన్ని కొట్టివేయలేము. దేశంలో ఏ ప్రభుత్వ కాలనీని చూసినా దానికి ఆధారాలు దొరుకుతాయి. అయితే మరమ్మతుకూ నిర్మాణానికీ మధ్య గీత గీయడం అసాధ్యమేమీ కాదు. ఉన్నదానిని ఉన్నట్టు నిలబెట్టేది మరమ్మతు. లేనిదానిని లేపేది నిర్మాణం. మొదటిదాన్ని నిషేధించినంత మాత్రాన రెండవది ఆగలేదు. నిజాయితీగా నియమం పాటించేవాడి గోడ మాత్రం నాని కూలుతున్నది.

మరొక కోణం కూడా ఆలోచించదగినది. పదవీ విరమణ తరువాత సాధారణ అద్దెపై క్వార్టరులో ఉండడానికి లభించే గడువు నాలుగు నెలలు. ఆపై కొందరు స్వగ్రామాలకు తిరిగి వెళ్తారు. పలువురు భవిష్యనిధి, గ్రాట్యుటీ సొమ్ముతో ఆ పట్టణంలోనే రైల్వే హద్దు వెలుపల ఇల్లు కట్టుకుంటారు. నలభై ఏళ్ళు ఫిర్యాదు కాగితం రాయడమే తప్ప గోడను పట్టి చూడని మనిషి అరవయ్యో ఏట తొలిసారి ఇంటి యజమాని అవుతాడు. సొమ్మంతా ముఖద్వారం సొగసుకు, రంగురాళ్ళకు వెచ్చించి, తూములను, డాబా వాలును మేస్త్రీ దయకు వదిలివేసే ప్రమాదం ఉన్నది. జీవితకాలపు కష్టార్జితం మొదటి శ్రావణంలోనే కారడం మొదలుపెడితే దాన్ని పూడ్చుకోవడానికి మరో ఉద్యోగం ఉండదు. క్వార్టరులో ఉన్నప్పుడే చిన్న మరమ్మతులు అలవడితే ఆ విద్య అప్పుడు అక్కరకు వస్తుంది.

ఈ పరిస్థితిని చక్కదిద్దడానికి భారీ పథకాలు అవసరం లేదు. ఇంటివారు స్వయంగా చేసుకోదగిన పనులు, చేయరాని పనులు ఏవో రైల్వే యాజమాన్యం ఒకే కాగితంపై ముద్రించి ప్రతి క్వార్టరుకూ అందజేయాలి. అది బెంగాలీ, హిందీలతో పాటు తెలుగులో కూడా ఉండాలి. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించిన సంగతి విదితమే. రైల్వే కేంద్ర సంస్థ కనుక ఆ నిర్ణయం దానికి వర్తించకపోవచ్చు, కాని కాపురస్తులకు అర్థమయ్యే భాషలో చెప్పడానికి ఏ ఉత్తర్వూ అడ్డు రాదు. రెండవది, ఏటా ఫాల్గుణ మాసంలో కప్పులు, పిట్టగోడలు, రేకులు తనిఖీ చేసి, ప్రమాదకరమైన వాటిని కాలవైశాఖికి ముందే బాగుచేయాలి. మూడవది, చిన్న పనులకు పూనుకునే కుటుంబాలకు సున్నం, సిమెంటు శాఖ తరఫున ఇవ్వాలి. శ్రమ ఇంటివారిదైనప్పుడు సామగ్రి యజమానిది కావడమే ధర్మం.

కార్మిక సంఘాల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా 1927లో పెద్ద సమ్మె జరిపిన పట్టణం ఖరగ్‌పూర్. వేతనం, పదోన్నతి, పింఛను కోసం పోరాడే సంఘాలు ఇంటి కప్పును కూడా కోర్కెల పత్రంలో మొదటి వరుసకు తేవాలి. అదే సమయంలో తమ సభ్యులు క్వార్టర్ల హద్దు దాటి కట్టడాలు లేపకుండా నచ్చజెప్పాలి. రెండవ పని చేసినప్పుడే మొదటి కోర్కెకు బలం చేకూరుతుంది.

వసంతం ఎవరి అనుమతి కోసమూ ఆగదు. ఫైలు కదిలేలోగా కాలవైశాఖి వస్తుంది. గోడ ఎవరిదన్న వివాదం కార్యాలయాలలో ఎంతకాలమైనా సాగవచ్చు. తూములోని ఆకులు తీయడానికి మాత్రం ఇదే అదను. యాజమాన్యం తన వంతు బాధ్యతను గుర్తించి, కాపురస్తులు తమ వంతు పనికి పూనుకుంటే రాబోయే వర్షాకాలంలో కొన్ని వందల ఇళ్ళలోనైనా మంచాలు జరపకుండా రాత్రి గడుస్తుంది.